దీపం ఎవరి పేరున?

డాలస్‌లో ఉంటున్న మా ఆడపడుచు ఆ మధ్య ఫోన్ చేసి, "వదినా, ఇంటికి కొత్త కిటికీలు వేయించాం. ఖర్చులో కొంత పన్నులో తగ్గించారు" అంది. చమురు కరువు చూశాక 1978లో, కార్టర్ అధ్యక్షుడుగా ఉండగా అక్కడ ఈ పద్ధతి మొదలైంది. 2022 చట్టంతో ఖర్చులో 30 శాతం దాకా, ఒక పరిమితి వరకు, పన్నులో తగ్గించేవారు. 2025 డిసెంబరు 31తో అదీ ఆగిపోయింది.

"మరి మనకేముంది?" అని అడిగింది. పన్ను కట్టేవాళ్లకే కదా పన్ను తగ్గేది! పత్తి, మిరప నమ్ముకున్న మన పల్నాడులో ఇన్‌కంటాక్స్ కట్టే ఆడవాళ్లు ఎంతమంది ఉంటారు? అందుకే మన వంటింటికి సర్కారు సాయం వేరే దారిన వచ్చింది.

మా అమ్మ పొయ్యిలోకి పత్తికంప, పిడకలే దిక్కు. వానాకాలం తడికంప అంటుకోక గొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రబడేవి. 1983లో కేంద్రం పొగలేని పొయ్యిల పథకం పెట్టింది. కానీ ఆడవాళ్ల బతుకు నిజంగా కదిలింది 1999లో, దీపం పథకంతో. డ్వాక్రా సంఘాల్లోని పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్ డిపాజిట్ వెయ్యి రూపాయలు రాష్ట్ర ప్రభుత్వమే కట్టింది. కనెక్షన్ ఆడమనిషి పేరునే! పొలం పాసుపుస్తకంలో, ఇంటి పన్ను రసీదులో ఎక్కని పేరు గ్యాస్ పుస్తకం మీద అచ్చయింది.

అయితే స్టవ్ కొనుక్కోవాలి, సిలిండర్ అయిపోతే మళ్లీ డబ్బు పెట్టాలి. మా అమ్మ గ్యాస్‌ను చుట్టాలొస్తే టీకే వాడేది. అన్నం, పప్పు మాత్రం కంపపొయ్యి మీదే. కనెక్షన్ వచ్చినా పొగ పోలేదు.

తర్వాత బల్బుల వంతు. 2014లో రాష్ట్రంలో ఎల్ఈడీ బల్బుల పథకం మొదలైనప్పుడు తొలి జిల్లాల్లో మన ఉమ్మడి గుంటూరు ఒకటి. పాత 60 వాట్ల బల్బులు రెండు ఇచ్చి, పది రూపాయల చొప్పున 7 వాట్ల బల్బులు రెండు తెచ్చుకున్నాం. రోజుకు ఐదు గంటలు వెలిగినా రెండింటి మీద నెలకు దాదాపు 16 యూనిట్లు మిగులుతాయి. చేతిలో ఇరవై రూపాయలుంటే చాలు కాబట్టి ఇది అందరి ఇంటికీ చేరింది.

2024 దీపావళికి ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లతో దీపం మళ్లీ వచ్చింది. అప్పుడూ ముందు మనం డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. అదే ఏడాది ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్ల సోలార్‌కు 78 వేల సబ్సిడీ. అదీ పలకలు బిగించాకే వస్తుంది. అప్పు దొరుకుతుంది, నిజమే. కానీ కరెంటు మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్లే దరఖాస్తు పెట్టాలి.

ఇక్కడే మేం ఆగిపోయాం. మా మీటరు ఎప్పుడో పోయిన మామగారి పేరునే ఉంది. "నా పేరుకు మారుస్తాలే" అన్నారు మావారు. ఇరవై ఏళ్లుగా నెలనెలా ఆ బిల్లు గుర్తుపెట్టుకుని కట్టేది నేను. "నా పేరున పెట్టించండి" అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, "సరే, నీ ఆధార్ తీసి పెట్టు" అన్నారు.

సాయం ఏ పేరుతో వచ్చినా నేను చూసుకునేవి రెండే: ముందు రూపాయి ఎవరు పెట్టాలి, కాగితం మీద ఎవరి పేరుంది. మీ ఇంటి కరెంటు బిల్లు ఒకసారి తీసి చూడండి. దాని మీద ఎవరి పేరుంది?