సాన మీద సాగిన చరిత్ర

పదును పెట్టే విద్య ఇనుము కంటే పాతది. నవీన శిలాయుగపు మనిషి రాతి గొడ్డలిని బండకేసి అరగదీసిన గాడులు దక్కన్ పీఠభూమిలో నేటికీ కనిపిస్తాయి. ఇనుము వచ్చాక రాయికి కొలిమి తోడైంది. నిజామాబాద్ సీమలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. లోకం మెచ్చిన డమాస్కస్ కత్తుల కీర్తిలో తెలుగు కమ్మరికీ వాటా ఉంది.

శ్రీకాకుళం జిల్లాలోని కోటబొమ్మాళి వంటి వరి పండే ఊళ్లలో ఆ విద్య కర్రుకు, కొడవలికి, కత్తిపీటకు అక్కరకొచ్చింది. కోతలు దగ్గరపడితే కొడవళ్లకు కక్కులు కొట్టించుకునేందుకు రైతులు కొలిమి చుట్టూ చేరేవారు. ఏడాది పనికి కూలి కళ్లంలో కొలిచే ధాన్యమే. నేర్చుకునే కుర్రవాడు ముందు తిత్తి ఊది, తర్వాత సమ్మెట పట్టి, చివరికి గానీ పదును దాకా వచ్చేవాడు కాదు.

1893, 1896 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా వేసిన రైలుమార్గం కోటబొమ్మాళి మీదుగానే సాగింది. కర్మాగారపు ఇనుము పల్లెకు చేరువైంది. అటు అమెరికాలో 1891లో అచెసన్ అనే ఆయన కార్బొరండం అనే గట్టి సాన పదార్థాన్ని కనిపెట్టాడు. 1954లో మద్రాసులో దాని పరిశ్రమ వెలిసింది. కొండరాయి స్థానంలోకి చక్రాలు, బిళ్లలు వచ్చాయి. సైకిలు తొక్కుతూ సాన పట్టేవారు వీధివీధికీ తిరిగారు. పాత లారీ కమాను పట్టీలు కత్తులయ్యాయి.

సాధనాలు మారినా చేతి లెక్క మారలేదు. తడిపిన సానరాయి మీద కత్తి అంచును ఇరవై డిగ్రీలకు మించని వాలులో, ఆ వాలు చెదరకుండా నూరాలి. అవతలి వైపు వేలికి సన్నని గరుకు తగిలితే ఇటు పని అయినట్టే. తిప్పి నూరి ఆ గరుకు తీసేయాలి. కరెంటు చక్రానికి గట్టిగా అదిమితే అంచు వేడెక్కి నీలిరంగుకు తిరుగుతుంది, ఉక్కు మెత్తబడుతుంది. ఆ కత్తి పదును నాలుగు రోజులు నిలవదు.

నేడు కోత యంత్రాలు కొడవలి పనిని చాలావరకు తీసుకున్నాయి. అయినా ఉద్దానం కొబ్బరికి, చేపల బజారుకు, ప్రతి వంటింటికీ కత్తి కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చెట్లను కూల్చినప్పుడు మర రంపాలతో పాటు గొడ్డళ్లూ కదిలాయి. తరతరాలుగా చేతి నుంచి చేతికి అందిన ఈ విద్య మన తరంతో ఆగకూడదు. ఊళ్లో కొలిమి ఉంటే పిల్లలను తీసుకెళ్లి చూపించండి. ఇంట్లో సానరాయి ఉంటే వారి చేతికివ్వండి.