వంట నూనెల మేలు, కీడు: గానుగ ఆడించే ముందు రైతులు గమనించాల్సిన విషయాలు

వేరుశనగ, నువ్వులు పండించే రైతుల్లో చాలామంది పంటంతా కళ్లంలోనే అమ్మేసి, ఇంటికి మాత్రం దుకాణంలో పామాయిల్ ప్యాకెట్ కొంటున్నారు. మరికొందరు సొంత పల్లీలనే గానుగ ఆడిస్తున్నారు. అయితే మంచి గింజను మార్కెట్‌కు పంపి, అక్కడ ధర రాని నాసి గింజను ఇంటి నూనెకు ఉంచుకుంటున్నారు. ఈ రెండో అలవాటు మొదటి దానికన్నా ప్రమాదకరం. ఏ నూనె మంచిదని అడిగే ముందు గింజ ఎలాంటిది, రోజుకు ఎంత వాడుతున్నాం, ఎలా కాస్తున్నాం అన్నవి చూసుకోవాలి.

ఏ నూనెలో ఏముంది?

అన్ని వంట నూనెలూ పూర్తిగా కొవ్వే. ఏ నూనె తిన్నా గ్రాముకు 9 కిలో కేలరీల శక్తి వస్తుంది. తేడా అంతా కొవ్వు రకంలోనే ఉంది. సంతృప్త కొవ్వు ఎక్కువైతే రక్తంలో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అసంతృప్త కొవ్వులు గుండెకు మేలు. కానీ వీటిలో కొన్ని వేడికి, గాలికి త్వరగా చెడిపోతాయి.

• వేరుశనగ నూనె: సంతృప్త కొవ్వు సుమారు 20 శాతం లోపే. మిగతా రెండు రకాల అసంతృప్త కొవ్వులూ తగుపాళ్లలో ఉంటాయి. తాలింపుకు, వేపుళ్లకు అనువైనది. లోపం ఏమిటంటే, బూజు గింజ కలిస్తే విషం నూనెలోకి వచ్చే అవకాశం ఉంది.

• నువ్వుల నూనె: సంతృప్త కొవ్వు 15 శాతం వరకు. ఇందులో సహజంగా ఉండే సెసమాల్ వంటి పదార్థాల వల్ల త్వరగా మక్కదు. పచ్చళ్లకు అందుకే బాగుంటుంది. ధర ఎక్కువ.

• పొద్దుతిరుగుడు, కుసుమ నూనెలు: సంతృప్త కొవ్వు తక్కువ, ఒమేగా-6 రకం కొవ్వు చాలా ఎక్కువ. కూరలకు మంచివే. మళ్లీ మళ్లీ కాస్తే మాత్రం త్వరగా చెడిపోతాయి. ఏడాదంతా ఇవి ఒక్కటే వాడకూడదు.

• తవుడు నూనె: కొవ్వుల పాళ్లు వేరుశనగకు దగ్గరగా ఉంటాయి. ఇందులోని ఒరైజనాల్ కొలెస్ట్రాల్ తగ్గడానికి తోడ్పడుతుంది. ఇది ఇంట్లో తీసుకునే నూనె కాదు. తవుడు గంటల్లోనే చెడడం మొదలవుతుంది కాబట్టి ఫ్యాక్టరీలో శుద్ధి చేయాల్సిందే.

• పామోలిన్: చౌక, వేడికి తట్టుకుంటుంది. సంతృప్త కొవ్వు మాత్రం 40 శాతానికి పైగా ఉంటుంది. విషం కాదు, కానీ ఇంట్లో ఇదొక్కటే నూనెగా ఉండకూడదు.

• కొబ్బరి నూనె: సుమారు 90 శాతం సంతృప్త కొవ్వే. రుచికి అప్పుడప్పుడు తప్ప రోజువారీ వంటకు వద్దు.

• సోయా, ఆవ నూనెలు: మిగతా నూనెల్లో దాదాపు లేని ఒమేగా-3 కొవ్వు వీటిలో కొంత ఉంటుంది. ఆవనూనెలో ఎరూసిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి అదొక్కటే వాడవద్దు.

• పత్తి గింజల నూనె: శుద్ధి చేసినదే తినాలి. పచ్చి నూనెలో గాసిపాల్ అనే విష పదార్థం ఉంటుంది. పత్తి రైతులు గింజను స్థానికంగా ఆడించుకొని వంటకు వాడరాదు.

• డాల్డా వంటి వనస్పతి: ఇందులో సంతృప్త కొవ్వు ఎక్కువ. నూనెను గట్టిపరిచేటప్పుడు ట్రాన్స్ కొవ్వు కూడా తయారవుతుంది. అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదని దేశంలో నిబంధన ఉంది. అయినా వాడకం తగ్గించడమే మంచిది.

బూజు గింజతో ముప్పు

వేరుశనగకు చివరి దశలో బెట్ట తగిలినా, పీకిన కాయ వానకు తడిసి కుప్పలోనే ఉన్నా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పడుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఈ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ల తరబడి తింటే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. మామూలు వంట వేడికి ఇది పోదు. నూనె రుచి చూసి కూడా పట్టుకోలేం.

గానుగ ఆడినప్పుడు విషంలో ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది. కొంత మడ్డితో పాటు నూనెలోకి వస్తుంది. ఆ చెక్కను పాడి పశువుకు పెడితే పాల ద్వారా మళ్లీ మన ఇంటికే, మన పిల్లలకే చేరుతుంది. అందుకే ఈ జాగ్రత్తలు పాటించాలి.

1. కాయను ఊపితే గలగలమనే వరకు, అంటే తేమ 8-9 శాతానికి దిగే వరకు ఎండబెట్టాలి.
2. సంచులను నేలపై కాకుండా చెక్క బల్లలపై, గోడకు దూరంగా పేర్చాలి.
3. కాయగానే నిల్వ ఉంచి, ఆడించేటప్పుడు వలవాలి. వలిచిన గింజ త్వరగా చెడుతుంది.
4. మిషన్‌లో గింజ పగలకూడదని కాయపై నీళ్లు చల్లే పద్ధతి మానాలి. ఆ తేమతోనే బూజు లేస్తుంది.
5. బూజు పట్టిన, రంగు మారిన, ముడుచుకుపోయిన, పురుగు తొలిచిన గింజలను ఏరి పారేయాలి. వాటిని నూనెకు, పశువులకు, కోళ్లకు దేనికీ వాడరాదు.

గానుగ నూనెనా, రీఫైన్డ్ నూనెనా?

గానుగ నూనెలో సహజమైన వాసన, విటమిన్-ఇ నిలుస్తాయి. కానీ గింజలో ఉన్న చెడు కూడా కొంత మిగులుతుంది. రీఫైన్ చేసినప్పుడు వాసన, కొంత విటమిన్-ఇ పోతాయి. దాంతో పాటు అఫ్లాటాక్సిన్ వంటివీ చాలావరకు తొలగిపోతాయి. మంచి గింజ మీ చేతిలో ఉంటే గానుగ నూనె మేలు. గింజపై నమ్మకం లేకపోతే సీలు వేసిన ప్యాకెట్టే నయం. ప్యాకెట్‌పై ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే విటమిన్-ఎ, డి కలిపారని అర్థం. విడి నూనె కొనవద్దు.

ఇంటికి ఎంత ఉంచుకోవాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచన ప్రకారం, రోజుకు 2000 కిలో కేలరీల ఆహారం తీసుకునే పెద్దవారికి నూనె, నెయ్యి అన్నీ కలిపి సుమారు 27 గ్రాములు చాలు. అంటే 6 టీ స్పూన్లు. పొలంలో కష్టం చేసేవారు కొంచెం ఎక్కువ తీసుకోవచ్చు. ఆవకాయలో తేలే నూనె కూడా ఈ లెక్కలోదే.

నలుగురున్న ఇంటికి ఈ లెక్కన నెలకు 3 కిలోల పైచిలుకు, ఏడాదికి 39 కిలోలు అవుతుంది. ఇందులో సగం వేరుశనగ నూనె అనుకుంటే దాదాపు 20 కిలోలు. 10 కిలోల గింజకు సుమారు 4 కిలోల నూనె వస్తుంది కనుక 50 కిలోల మేలైన గింజ, అంటే 70-75 కిలోల కాయ పక్కన పెట్టుకుంటే చాలు. మిగతా సగానికి నువ్వుల నూనె, తవుడు నూనె లేదా సోయా నూనె మార్చి మార్చి వాడండి. ఒక నూనెలో లేనిది మరొక దానిలో దొరుకుతుంది.

వాడకంలో జాగ్రత్తలు

ఏడాది నూనె ఒకేసారి ఆడించకుండా రెండు మూడు నెలలకోసారి ఆడించండి. రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి, మడ్డి దిగాక పైనూనె వడకట్టండి. మూత బిగిసే స్టీలు డబ్బాలో, పొయ్యికి, ఎండకు దూరంగా పెట్టండి. రాగి, ఇత్తడి పాత్రల్లో నూనె త్వరగా మక్కుతుంది.

పొగ వచ్చేదాకా కాచవద్దు. వడలు, గారెలు వేయించగా మిగిలిన నూనెను ఒకటి రెండు రోజుల్లో కూరలకు వాడేయండి. కొత్త నూనెలో కలపవద్దు. రంగు నల్లబడినా, నురుగు వచ్చినా, మక్కు వాసన వేసినా పారబోయండి. గుండె జబ్బు, షుగర్ ఉన్నవారు నూనె మోతాదును డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

ఈసారి కాయ కళ్లంలో ఆరినప్పుడు, వ్యాపారి తూకం వేయకముందే ఇంటికి కావాల్సిన 75 కిలోలు తీసి పెట్టండి. మొదట ఏరే మంచి గింజ ఇంటికే చెందాలి. బూజు విషయంలో అనుమానం ఉంటే కాయ నమూనాతో మీ మండల వ్యవసాయ అధికారిని కలవండి.