బాసును గెలుచు బలగము

సెల్‌ఫోను ఆటలలో బాసు అను దుర్జయుడైన శత్రునాయకునితో తలపడుటకు ముందు, ఎవరిని ముందు నిలుపవలెను, ఎవరిని వెనుక దాచవలెను, శత్రువు చిమ్ము విషమునకు విరుగుడు ఎవరియొద్ద నున్నది, తుది దెబ్బ ఎవరిచేత వేయింపవలెను అని గడియలకొలది ఆలోచించి బలగమును కూర్చుకొను వాడుక, నేటి బాలురకు పుట్టుకతోనే అబ్బినదా యనునంత సహజముగ కనిపించుచున్నది. కాని ఈ వాడుకకు అర్ధశతాబ్దపు చరిత్ర కలదు. అందులో సెల్‌ఫోనుది చివరి భాగము మాత్రమే. యుద్ధము నిమిషములలో ముగియును. సన్నాహమునకు దినములు పట్టును. ఆటయొక్క సారమంతయు ఆ సన్నాహమునందే యున్నదని నా దృఢవిశ్వాసము.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను ప్రకటించిరి. బల్లచుట్టును కూర్చుండినవారిలో ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు పూజారి అయి, గుంపుగా పాతాళగృహములలో ప్రవేశించు పద్ధతి దానితో జనులకు అలవడినది. 1975 ప్రాంతమున సదరన్ ఇలినాయి విశ్వవిద్యాలయమున గ్యారీ విసెన్‌హంట్, రే వుడ్ అనువారు 'ప్లేటో' అను కంప్యూటరు వ్యవస్థపై 'డిఎన్‌డి' అను ఆటను నిర్మించి, అందు ఒక మహిమగల గోళమునకు కావలిగా బంగారు డ్రాగన్‌ను నిలిపిరి. కంప్యూటరు ఆటలలో బాసు అనదగిన తొలి శత్రువు ఈ డ్రాగనే యని చెప్పుదురు. అయితే దాని నెదిరించువాడు ఒంటరివాడు. అతనికి తోడు లేదు, కావున కూర్పు అను ప్రశ్నయే లేదు.

ఇంటి కంప్యూటర్లలో బలగమునకు స్థిరరూపము నిచ్చినది 1981లో వెలువడిన 'విజార్డ్రీ'. కార్నెల్ విశ్వవిద్యాలయములో చదివిన ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ దీని కర్తలు. ఆరుగురు వీరులు వరుస తీరి నడచుదురు. ముందు మువ్వురు మాత్రమే కత్తి దూయగలరు, వెనుక మువ్వురు మంత్రములతో సాయపడవలెను. పది అంతస్తుల చిక్కుదారి అడుగున వెర్డ్నా అను మాంత్రికుడు, రక్తపిశాచములకు ఱేడైన వానిని వెంట నిడుకొని కాచుకొని యుండును. ఈ ఆటలో మరణము ఆటవిడుపు వంటిది కాదు. వీరుడు కూలినంతనే ఆ సంగతి డిస్కుపై లిఖింపబడును. శవమును మోసికొని వచ్చి దేవాలయమున ధనమిచ్చి బ్రతికింపజూచినను, మంత్రము ఫలింపనిచో దేహము బూడిదయగును, మరల విఫలమైనచో ఆ వీరుడు శాశ్వతముగ లేనివాడగును. వారములకొలది పెంచిన మనిషి ఒక్క తొందరపాటున మాయమగు నెడ, ఆడువాడు గళ్ళకాగితముపై దారులు గీచికొని, ఏ అంతస్తున ఏ భూతము నివసించునో వ్రాసికొని, ఎన్ని మంత్రములు మిగిలియుండగా వెనుదిరుగవలెనో లెక్క కట్టుకొనక తప్పలేదు. సన్నాహమను అలవాటు భయమునుండి పుట్టినదని నేననుటకు ఈ ఆటయే తార్కాణము.

ఆ విద్యను జపాను దేశీయులు అందిపుచ్చుకొని సామాన్యజనుల యిండ్లకు చేర్చిరి. 1986లో యూజీ హోరీ నిర్మించిన 'డ్రాగన్ క్వెస్ట్'లో వీరుడు ఒక్కడే. మరుసటి యేడు హిరోనోబు సకాగుచి వెలువరించిన 'ఫైనల్ ఫాంటసీ'లో ఆరు వృత్తులనుండి నలుగురిని ఏరుకొని, ఆ యెంపికకు కడదాక కట్టుబడి యుండవలెను. 1996లో సతోషి తజిరి రూపొందించిన 'పోకెమాన్' రాగా, ఆరు ప్రాణుల దండును జేబులో పెట్టుకొని తిరుగు భాగ్యము పిల్లలకు కలిగినది. అగ్గిని నీరార్పును, నీటిని మొక్క త్రాగును, మొక్కను అగ్గి కాల్చును అను ప్రకృతిధర్మమే అందలి యుద్ధనీతికి పునాది. సరియైన గుణముగల అల్పప్రాణి, తగని గుణముగల మహాప్రాణికంటె ఎక్కువ పనికివచ్చునను సత్యమును ఈ ఆట నేర్పినంత సులభముగ మఱియేదియు నేర్పలేదు.

అంతవరకు కంప్యూటరు ఆటలలో బలగమన్నను చాలవరకు ఒక్కని చేతిలోని బొమ్మలే. నిజమైన మనుష్యులు వందలుగా కూడి ఒక బాసుపై దండెత్తు కాలము 1999 మార్చిలో ఆరంభమైన 'ఎవర్‌క్వెస్ట్' అను అంతర్జాలపు ఆటతో విస్తరించినది. దెబ్బలు కాచువాడు, గాయములు మాన్పువాడు, శత్రువును నొప్పించువాడు అను త్రివిధవిభాగము అందు గట్టిపడినది; ట్యాంక్, హీలర్, డ్యామేజ్ అని నేటి పిల్లలు పలుకు మాటలు ఆ వంశమువే. దోచిన సొమ్మును పంచుకొనుటలో తగవులు రాగా, ఎవడు ఎన్ని దండయాత్రలలో పాల్గొన్నాడో లెక్క వ్రాసి, ఆ లెక్కను బట్టి వస్తువుల నిచ్చు ఖాతాపద్ధతిని కూడ ఆడువారే కల్పించుకొనిరి. ఆటను తయారుచేసినవారు దానిని వారికి నేర్పలేదు.

ఆ ఆటలో కెరాఫిర్మ్ అను నిద్రించు డ్రాగన్ కలదు. నలుగురు కావలి డ్రాగన్లను చంపినచో అది మేల్కొని ఎదురైనవారినెల్ల సంహరించును. ఆటను నడుపు ఒక్కొక్క సర్వరుపై ఒక్కసారి మాత్రమే జరుగు ఘట్టమది. దానిని గెలుచుట ఎవరి తరము కాదనియే నిర్మాతల భావన. 2003 నవంబరులో ర్యాలస్ జెక్ అను సర్వరుపై, నిత్యము ఒకరి నొకరు చంపుకొను పగవారైన దళములవారు పగ మాని సుమారు 200 మంది ఏకమైరి. చచ్చినవారిని చచ్చినట్లే పూజారులు లేపుచుండ, లేచినవారు మరల పోరుచుండ, డ్రాగన్ ప్రాణబలము నాలుగవవంతుకు దిగినది. అంతలో నిర్వాహకులు దానిని మాయము చేసిరి! ఆటగాండ్ర ఆగ్రహము మిన్నుముట్టగా, వారు క్షమాపణ చెప్పి మరల అవకాశ మిచ్చిరి. రెండవసారి దాదాపు మూడు గంటల పోరున డ్రాగన్ కూలినది. దాని శవముపై ఒక్క వస్తువైనను దొరకలేదు. అయినను ఈ చరిత్రలో ఇంతటి ఘనవిజయము మఱియొకటి లేదని నా తీర్పు. ఏలయన, ఆ దినమున గెలిచినది ఏ ఒక్కని ఆయుధమును గాదు, పగవారి నడుమ కుదిరిన క్రమశిక్షణ.

2012 ఫిబ్రవరిలో గంగ్‌హో సంస్థవారి 'పజిల్ అండ్ డ్రాగన్స్' అను సెల్‌ఫోను ఆట జపానులో వెలువడినది. దైసుకె యమామోటో దాని నిర్మాత. వందలమంది ఒకేసారి కూడుట రైలుబండిలో నిలుచుండి ఒంటిచేత ఆడువానికి సాధ్యము కాదు. ఆ కొరతను ఈ ఆట చక్కగా తీర్చినది: ఆరుగురి దండులో అయిదుగురు తనవారు, ఆఱవవాడు స్నేహితుని నాయకుడు, ఎరువు వచ్చినవాడు. ఇరువురు నాయకుల శక్తులును ఒకదానిపై నొకటి గుణితమగును గనుక, ఎవని నాయకుని తెచ్చుకొనవలెనను విచారమే సగము వ్యూహము. బాసు ఆడువాని దండును సంకెలల బంధించు స్వభావము కలదైనచో ఆ కట్లు విప్పువానిని ముందే చేర్చుకొనవలెను. అది తెలియక ఎంతటి బలవంతుల దీసికొనిపోయినను చేతులు ముడుచుకొని చావవలసినదే.

ఇట్టి ఆటలకు ఒక చీడ కూడ పట్టినది. వీరులను సంపాదించుటకు గాచా అను అదృష్టపు చీటీ వచ్చినది. డబ్బు పోసినకొలది చీటీలు తీయవచ్చును. కొన్ని చీటీలను పూర్తి జట్టుగా సేకరించినవానికే అపురూపమైన బహుమాన మిచ్చు పద్ధతి చట్టవిరుద్ధమని జపాను వినియోగదారుల వ్యవహారాల సంస్థ 2012 మేలో ప్రకటింపగా ఆ ఒక్క రూపము ఆగినది గాని, మూలమైన చీటీ నేటికిని సాగుచున్నది. ఆలోచనతో గెలువవలసిన బాసును ధనముతో గెలుచుట ఈ విద్యకు తీరని అపచారము.

2015 జులైలో జపానులో ఆరంభమైన 'ఫేట్/గ్రాండ్ ఆర్డర్' కూడ చీటీ ఆటయే. అయినను ఖడ్గధారి శూలధారిని, శూలధారి విలుకానిని, విలుకాడు ఖడ్గధారిని మించునట్టి చక్రముల మీదనే దాని యుద్ధము చాలవరకు తిరుగును; ఇందును ఆరుగురిలో ఒకడు మిత్రుడు పంపిన సహాయుడే. పురాణేతిహాసముల వీరులు అందు సేవకులుగా వత్తురు. మన కర్ణుడు శూలధారియై, అర్జునుడు విలుకాడై, రాముడు ఖడ్గధారియై కనిపించుట తెలుగువారికి వింత గొలుపును. భారతము నెఱిగినవానికి ఈ ఆటల నీతి క్రొత్తదిగా తోచదు. తొమ్మిది దినములు పోరియు భీష్ముని గెలువలేని పాండవులు రాత్రివేళ ఆయన శిబిరమునకే పోయి చావు ఉపాయము నడిగి, మరునాడు శిఖండిని ముందిడుకొని పోయిరి. పార్థుని బలము ముందునాడును అంతియే, మరునాడును అంతియే. మారినది దండు వరుస. దానిని మార్చినది శత్రువును గూర్చిన జ్ఞానము.

'పోకెమాన్ గో' ఈ జ్ఞానమును వీథిలోనికి తెచ్చినది. మన దేశమున అది 2016 డిసెంబరులో జియో సంస్థ పొత్తుతో అడుగిడగా, వేలకొలది జియో దుకాణములు ఆటలోని మజిలీలైనవి. 2017 జూన్‌లో రెయిడ్‌లు అను సామూహిక దండయాత్రలు మొదలైనవి; జులైలో ఆర్టికునో, లుగియా అను మహాపక్షులు బాసులుగా దిగినవి. ఇరువదిమంది వరకు ఒకేచోట గుమిగూడి, ఒక్కొక్కరు ఆరేసి ప్రాణులతో, 300 సెకనులలో బాసును కూల్చవలెను. ఆర్టికునో మంచును గాలియు కలిసిన పక్షి. శిలాగుణము రెండింటికిని పగ. కావున గోలెమ్ వంటి రాతిప్రాణులను పెంచికొన్నవారు తక్కువమందితోనే దానిని దింపగలిగిరి. టైరానిటార్ అను గండశిల వంటి బాసునకు మల్లవిద్య గల మచాంప్ మృత్యువు. ఆ మచాంప్‌ను వీథులలో దొరకు మచాప్ పిల్లనుండియే పెంచవచ్చును. డబ్బు లేనివాడు ఓపికతో కూర్చుకొన్న ఈ దండు ఎందరినో గెలిపించినది. 2020 ఏప్రిల్‌లో, మహమ్మారి కాలమున, ఇంటినుండియే రెయిడ్‌లో చేరు వీలు కల్పింపబడినది.

నాకు విచారము కలిగించు సంగతి యొకటి యున్నది. నింటెండో, సైగేమ్స్ సంస్థలు కలిసి 2018 సెప్టెంబరులో 'డ్రాగాలియా లాస్ట్' అను ఆటను ప్రారంభించినవి. అందు మిడ్‌గార్డ్‌సార్మర్ అను వాయుడ్రాగన్ యొక్క పరీక్ష పేరుమోసినది: పోరు మొదలగుటతోనే అది విడుచు ఒక్క పెనుగాలికి, తగినంత ప్రాణబలము లేనివాడు కత్తి యెత్తకముందే కూలును. నలుగురు ఆటగాండ్రును అగ్నివీరులనే యెన్నుకొని, ఆ తొలిదెబ్బకు నిలుచునంత బలమును లెక్కగట్టి సమకూర్చుకొని, ఒకరి బలము నొకరు సరిచూచుకొని గాని తలుపు తట్టరాదు. 2022 నవంబరు 30న ఆ ఆటను మూసివేసిరి. అగ్నివీరుల ఆ లెక్కలకు ఆనాటితో పరీక్షించు స్థలము లేకపోయినది. కొన్న వీరులును పోయిరి, పెంచిన వీరులును పోయిరి.

తెలుగు యువకులారా, మీరు గెలిచిన బాసులను గూర్చి, కూర్చిన దండులను గూర్చి, ఓడిన కారణములను గూర్చి, ఆట సాగుచుండగనే, తేదీలతోసహా తెలుగులో వ్రాసి యుంచుడు.