కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ నియంత్రణ

బర్డ్ ఫ్లూ పక్షులకు సోకే ఇన్‌ఫ్లుయెంజా ఎ వైరస్‌ల వల్ల వచ్చే అంటువ్యాధి. ఇది ఫారం నుంచి ఫారానికి పాకకుండా ఆపడానికి ప్రధానంగా మూడు పనులు చేస్తారు. వ్యాధిని తొందరగా గుర్తిస్తారు, సోకిన చోట పక్షులను వధించి పూడ్చిపెడతారు, చుట్టుపక్కల రాకపోకలను కట్టడి చేస్తారు. వైరస్‌ను ఒక ప్రాంతానికి తొలిసారి మోసుకొచ్చేది చాలావరకు అడవి పక్షులే. ఫారాల మధ్య దాన్ని తిప్పేది మాత్రం ఎక్కువగా మనుషులు, వాహనాలు, సరంజామా. అందుకే నియంత్రణ చర్యల్లో చాలా భాగం ఫారం గేటు చుట్టూనే తిరుగుతుంది.

వైరస్

ఉత్తర ఇటలీలో కోళ్లకు సోకిన ఈ తెగులును పెరోంచితో అనే శాస్త్రవేత్త 1878లో వర్ణించాడు. అది ఇన్‌ఫ్లుయెంజా ఎ వైరస్ వల్ల వస్తుందని 1955లో తేలింది. తీవ్రతను బట్టి వైరస్ రకాలను రెండుగా విభజిస్తారు. తక్కువ తీవ్రత రకం సోకితే గుడ్ల దిగుబడి పడిపోవడం, తేలికపాటి శ్వాస ఇబ్బంది వంటివే కనిపించవచ్చు. ఎక్కువ తీవ్రత రకం సోకితే 48 గంటల్లోనే షెడ్డులోని కోళ్లు దాదాపు అన్నీ చనిపోవచ్చు. ప్రస్తుతం ప్రపంచమంతా తిరుగుతున్న హెచ్5ఎన్1 అనే ఎక్కువ తీవ్రత రకం వంశానికి మూలం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పెద్దబాతులో (గూస్) దొరికిన వైరస్. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో అది 18 మందికి సోకి ఆరుగురిని బలిగొంది.

వ్యాపించే తీరు

జబ్బుపడిన పక్షి రెట్టలోనూ ముక్కు, నోటి స్రావాల్లోనూ వైరస్ ఉంటుంది. చల్లని నీటిలో, తడి రెట్టలో అది వారాల తరబడి బతుకుతుంది. ఎండకు, వేడికి త్వరగా నశిస్తుంది. బాతులు పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే దాన్ని మోయగలవు. ఫారానికి చేరే దారులు మామూలుగా కంటికి ఆనవు. మార్కెట్ నుంచి కడగకుండా తిరిగొచ్చిన గుడ్ల ట్రేలు, నాలుగైదు ఫారాలకు దాణా దించే లారీ చక్రాలు, కోళ్లు పట్టే కూలీల చెప్పులు, కోళ్ల పెంటను పొలాలకో చేపల చెరువులకో తరలించే ట్రాక్టర్లు ఇలాంటివే. చనిపోయిన కోళ్లను కాలువలో పారేస్తే వైరస్ నీటి వెంట దిగువకు పోతుంది, వాటిని పీక్కుతినే కాకులు, కుక్కలు కూడా దాన్ని వ్యాపింపజేస్తాయి.

గుర్తింపు

జుట్టు, తమ్మెలు నీలిరంగుకు తిరగడం, తల వాపు, కాళ్లపై ఎర్రటి మచ్చలు, మెత్తని పెంకు గుడ్లు, మేత మానేయడం ముఖ్య లక్షణాలు. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులులోనూ (రాణిఖేత్) ఇలాంటివి కొన్ని కనిపిస్తాయి కాబట్టి చూసి నిర్ధారించడం కుదరదు. బోనుల్లో పెంచే లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్లలో మరణాలు తరచూ ఒక మూల, ఒక వరుసలో మొదలై పక్కకు పాకుతాయి. తొలి రోజుల్లో ఆ లెక్కను రైతు ఎండదెబ్బ ఖాతాలోనో, కొక్కెర తెగులు ఖాతాలోనో వేసుకునే అవకాశం ఎక్కువ. పశువైద్య సిబ్బంది సేకరించిన నమూనాలను మన దేశంలో భోపాల్‌లోని జాతీయ అధిక భద్రతా పశువ్యాధుల సంస్థలో పరీక్షించి వ్యాధిని అధికారికంగా నిర్ధారిస్తారు.

నిర్ధారణ తర్వాత

భారత ప్రభుత్వ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం వ్యాధి బయటపడిన ఫారం చుట్టూ కిలోమీటరు పరిధిని వ్యాధి సోకిన ప్రాంతంగా, అక్కడి నుంచి 10 కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతంగా ప్రకటిస్తారు. మొదటి దానిలో కోళ్లను వధించి, గుడ్లు, దాణాతో సహా సున్నం వేసి లోతుగా పూడుస్తారు. నిఘా ప్రాంతంలో నమూనాలు తీస్తూ, కోళ్లు, గుడ్ల రవాణాను అదుపు చేస్తారు. షెడ్లను శుభ్రం చేసేటప్పుడు ముందు రెట్టను పూర్తిగా తొలగించాలి. రెట్ట పొర మిగిలి ఉంటే దానిపై చల్లిన క్రిమిసంహారకం పనిచేయదు. ఆ తర్వాత కొన్ని నెలలు నిఘా సాగుతుంది, అనుమతి వచ్చాకే కొత్త పిల్లలను దించుతారు.

వధించిన కోళ్లకు, నాశనం చేసిన గుడ్లు, దాణాకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చెరి సగం భరించి పరిహారం ఇస్తాయి. వ్యాధితో అప్పటికే చనిపోయిన కోళ్లకు పరిహారం లేదు. అంటే కబురు ఆలస్యమయ్యే కొద్దీ రైతుకు నష్టం పెరుగుతుంది. అయినా ఫారం మూతపడుతుందన్న భయం, గుడ్ల ధర పడిపోతుందన్న బెంగ వల్ల కొందరు దాచిపెడతారు. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం సమాచారం ఇవ్వడం యజమాని బాధ్యత.

జీవభద్రత

రోజువారీ జాగ్రత్తలకు ఖర్చు తక్కువ, క్రమశిక్షణ ఎక్కువ కావాలి. షెడ్లకు పక్షులు దూరని వల కట్టాలి. గేటు దగ్గర వాహనాల చక్రాలు కడగాలి. లోపలికి వెళ్లేవారికి వేరే దుస్తులు, చెప్పులు ఇవ్వాలి. చెరువు నీటిని క్లోరిన్ కలపకుండా తాగించకూడదు. ఫారంలో పనిచేసేవారు ఇంట్లో నాటుకోళ్లు, బాతులు, పందెం పుంజులు పెంచకుండా చూసుకోవాలి. షెడ్డులోకి కోడిపిల్లలను ఒకేసారి దించి, పెరిగాక ఒకేసారి ఖాళీ చేసే పద్ధతిలో మధ్యలో కడిగి ఎండబెట్టే వ్యవధి దొరుకుతుంది.

టీకా

చైనా కోళ్లకు పెద్దఎత్తున టీకాలు వేస్తోంది. ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకు వేస్తోంది. టీకా మరణాలను తగ్గించినా, వైరస్ పైకి కనిపించకుండా తిరగవచ్చన్న అనుమానం, ఎగుమతుల చిక్కులు ఉన్నాయి. భారత్ తీవ్ర రకానికి వధ విధానాన్నే నమ్ముకుంది.

భారత్‌లో, తెలుగు రాష్ట్రాల్లో

దేశంలో తొలి కేసులు 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడ్డాయి. తెలంగాణలో 2015లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో వ్యాధి కనిపించింది. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారంలో నిర్ధారణ అయ్యింది. ఫలితం చేతికొచ్చేసరికే గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు పెద్దసంఖ్యలో చనిపోయాయి. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న రాష్ట్రంలో, ఫారాలు పక్కపక్కనే ఉండే ప్రాంతంలో, నిర్ధారణకు ముందు గడిచిన రోజులే వైరస్‌కు కలిసొస్తాయి.

మనుషులకు ముప్పు

మనుషులకు సోకడం అరుదు, సోకితే ప్రమాదకరం. 2025లో పల్నాడు జిల్లాలో ఒక చిన్నారి హెచ్5ఎన్1తో మరణించింది. జబ్బు కోళ్లను ముట్టుకునేవారికే ముప్పు ఎక్కువ కాబట్టి వధ సిబ్బందికి రక్షణ దుస్తులు, యాంటీవైరల్ మందులు ఇచ్చి, ఆ తర్వాత కొన్నాళ్లు ఆరోగ్యాన్ని గమనిస్తారు. 70 డిగ్రీల సెల్సియస్ వేడికి వైరస్ చనిపోతుంది. బాగా ఉడికించిన మాంసం, గుడ్లు తినడం వల్ల వ్యాధి రాదు. పచ్చి మాంసం తినడం, దాన్ని కోసిన కత్తినీ పలకనూ కడగకుండా వాడటం మాత్రం మానుకోవాలి.