సగం ఊరిది, సగం పాదిరిది

ఇంగ్లండ్ తూర్పు భాగంలో, సఫోక్ కౌంటీలోని లావెన్‌హామ్ చిన్న ఊరు. ఆ ఊరి చర్చి గోపురం మాత్రం 141 అడుగుల ఎత్తు. దక్షిణం వైపు నుంచి చూస్తే పడమర ఆ గోపురం, దాన్ని ఆనుకుని వరుస కిటికీలతో ఎత్తయిన శాల కనిపిస్తాయి. తూర్పు కొసకు చూపు చేరేసరికి కట్టడం ఒక్కసారిగా పొట్టిదైపోతుంది. అక్కడి గోడలు పాతవి, పనితనం నిరాడంబరం. డబ్బుకు లోటు లేని ఊళ్లో ఒకే చర్చి ఇలా ఎందుకుంది? దానికి బాధ్యులు ఇద్దరు. ఇంగ్లండ్‌లోని వేల మధ్యయుగపు ఊరి చర్చిలను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి తాళంచెవి లేదు.

జనం నిలబడే పెద్ద శాలను నేవ్ అంటారు. తూర్పున బలిపీఠం ఉండే భాగం చాన్సెల్. ముఖమండపానికీ గర్భగుడికీ ఉన్నట్టే వీటి మధ్యా ఒక హద్దు ఉంది. ఆ హద్దు పవిత్రతకే కాదు, ఖర్చుకు కూడా. 13వ శతాబ్దం నాటికి బిషప్పుల కట్టడులు ఈ పంపకాన్ని స్థిరపరిచాయి. చాన్సెల్ బాగోగులు రెక్టర్ చూసుకోవాలి. నేవ్ మరమ్మతు ఊరివాళ్ల బాధ్యత. రెక్టర్ అంటే ఊరి పంటలో పదోవంతు పుచ్చుకునే హక్కు ఉన్నవాడు. చాలాచోట్ల ఆ హక్కు ఎక్కడో దూరాన ఉన్న మఠం చేతిలో ఉండేది. మఠం ఒక వికార్‌ను నియమించి పూజ జరిపించేది. చాన్సెల్ కప్పు కారకుండా ఉంటే చాలనుకునే మఠాలకు దాన్ని పెంచి కట్టాలన్న తొందర ఉండేది కాదు. ఊరివాళ్లకు మాత్రం నేవ్ సొంత ఇల్లు.

మొదట్లో ఈ పంపకం లేదు. డరమ్ కౌంటీలోని ఎస్కమ్ చర్చిని 7వ శతాబ్దంలో దగ్గర్లోని బిన్‌చెస్టర్ రోమన్ కోట రాళ్లు తెచ్చి కట్టారు. రోమన్ ఆరో దళం పేరు చెక్కిన రాయి దాని ఉత్తరపు గోడలో ఇప్పటికీ తలకిందులుగా ఉంది. సన్నని, ఎత్తయిన నేవ్, చిన్న చాన్సెల్, చిన్న కిటికీలు, అంతే. నార్మన్ల కాలంలో, 1140 ప్రాంతంలో కట్టిన హెర్‌ఫర్డ్‌షైర్‌లోని కిల్‌పెక్ చర్చి కూడా చిన్నదే. కానీ దాని చూరు కింద వరుసగా చెక్కిన కుక్క, కుందేలు, వింత ముఖాలు చూస్తే శిల్పి ఎంత సంబరంగా పనిచేశాడో తెలుస్తుంది.

జనం పెరిగాక ఊళ్లు అసలు కట్టడాన్ని కూల్చకుండానే విస్తరించాయి. నేవ్ పక్కగోడను తొలిచి కమానులు నిలిపారు. వాటి అవతల చావడిలాంటి నడవ కట్టారు. దాంతో మధ్యలో వెలుగు తగ్గింది. అప్పుడు నేవ్ గోడలనే పైకి లేపి, నడవల కప్పుకు పైన కిటికీలు పెట్టారు. ఇలా ఎత్తు పెంచిన చర్చిల్లో గోపురం తూర్పు ముఖాన, పాత కప్పు ఆనిన చోట, వాలు గీత ఒకటి చాలాసార్లు మిగిలిపోతుంది. తేదీ చెప్పే శాసనం లేకపోయినా ఏది ముందో ఏది తరువాతో ఆ గీత చెబుతుంది. ఆర్కిటెక్ట్ థామస్ రిక్‌మన్ 1817లో ఈ చర్చిల నిర్మాణ శైలులకు నార్మన్, ఎర్లీ ఇంగ్లిష్, డెకొరేటెడ్, పర్పెండిక్యులర్ అని పేర్లు పెట్టాడు. ఆ పేర్లు కాలాన్ని చెబుతాయి. డబ్బు ఎవరిదో తెలియాలంటే లెక్కల పుస్తకాలు తెరవాలి.

ఆ పుస్తకాలు అద్భుతమైనవి. డెవన్‌లోని మోర్‌బాత్ అనే కుగ్రామంలో క్రిస్టఫర్ ట్రిక్కీ అనే పాదిరి 1520 నుంచి 1574 వరకు ఉండి చర్చి లెక్కలు రాశాడు. చర్చికి సొంత గొర్రెలుండేవి. వాటిని ఇళ్లకు పంచి మేపించేవారు. ఉన్ని అమ్మగా వచ్చిన డబ్బు చర్చికి చేరేది. ఏల్ అనే బీరు కాచి, ఊరంతా తాగి, ఆ రాబడి చర్చికిచ్చే పండుగ ఉండేది. లింకన్‌షైర్‌లోని లౌత్ పట్టణం 1501 నుంచి 1515 దాకా కష్టపడి, సుమారు 305 పౌండ్ల ఖర్చుతో తన చర్చికి మొనదేలిన శిఖరం ఎత్తింది. కొసన పెట్టిన గాలికోడిని స్కాట్లండ్ రాజు నుంచి కొల్లగొట్టిన రాగి పళ్లెంతో చేశారు. అది ఎక్కిన రోజు గంటలు మోగించి, జనమందరికీ రొట్టె, ఏల్ పంచినట్టు ఊరి లెక్కల్లోనే ఉంది. ఏ రాజూ కట్టించని కట్టడమది.

ఉన్ని వ్యాపారులు ధనవంతులయ్యాక చర్చి రూపమే మారింది. లావెన్‌హామ్ బట్టల వ్యాపారి థామస్ స్ప్రింగ్ 1523లో చనిపోతూ గోపురం పూర్తి చేయడానికి 200 పౌండ్లు వీలునామాలో రాశాడు. ఆ ఊరి ప్రభువు ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ వంశపు నక్షత్రం, వ్యాపారి కుటుంబపు చిహ్నం ఒకే కట్టడం మీద కనిపిస్తాయి. డెవన్‌లోని కలంప్టన్‌లో జాన్ లేన్ కట్టించిన నడవ మీద ఓడలు, బట్టల కత్తెరలు చెక్కారు. లాంగ్ మెల్‌ఫర్డ్‌లో దాతల పేర్లు చర్చి బయటి గోడల మీదే, చెకుముకి రాళ్ల మధ్య పొదిగి ఉన్నాయి. ఇది కేవలం డాబు కాదు. చనిపోయాక ఆత్మ శుద్ధి కావడానికి కొంతకాలం బాధపడాలనీ, బతికున్నవాళ్ల ప్రార్థన ఆ కాలాన్ని తగ్గిస్తుందనీ వాళ్లు గట్టిగా నమ్మారు. పేరు చదివినవాడు ప్రార్థిస్తాడని ఆశ.

1540ల చివర్లో ప్రభుత్వం ఆ నమ్మకాన్నే నిషేధించింది. నేవ్‌కూ చాన్సెల్‌కూ మధ్య, చెక్క తెర మీద నిలిపిన శిలువ వేసిన క్రీస్తు బొమ్మలను దించేశారు. గోడల మీది చిత్రాలకు సున్నం కొట్టారు. ఆ తెర పైకి వెళ్లే రాతిమెట్లు ఎన్నో చర్చిల్లో ఇప్పుడు గాల్లో ఆగిపోతాయి. సఫోక్‌లోని వెన్‌హాస్టన్‌లో 1892లో మరమ్మతు చేస్తూ సున్నం పూసిన పాత చెక్క పలకలను సమాధుల ఆవరణలో పారేశారు. వానకు సున్నం కరిగి, అంతిమ తీర్పు చిత్రం బయటపడింది. ఆ పలకలు మళ్లీ చర్చిలోకి చేరాయి.

చాన్సెల్ బాధ్యత మాత్రం చెరిగిపోలేదు. ప్రభుత్వం మఠాలను రద్దు చేశాక వాటి పదోవంతు హక్కులు, భూములు ప్రైవేటు చేతులకు అమ్ముడుపోయాయి. హక్కుతోపాటు మరమ్మతు భారమూ కొన్నవాడికే వెళ్లింది. వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో చర్చి మండలి వేసిన కేసులో, పాత చర్చి భూమికి యజమానులైనవాళ్లే చాన్సెల్ మరమ్మతు ఖర్చు భరించాలని 2003లో, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. ఆ తరువాత ఇలాంటి బాధ్యతలను 2013 అక్టోబరులోగా భూముల రిజిస్టరులో నమోదు చేయించుకోవాలని చర్చిలకు గడువు పెట్టారు. దాంతో ఇంగ్లండ్‌లో చర్చి మండళ్లు పాత దస్తావేజులు తిరగేసి, తమ చాన్సెల్ బాధ్యత ఏ పొలం మీద ఉందో వెతుక్కోవాల్సి వచ్చింది.