పాలపళ్లు వచ్చే దశ: ఇంట్లో ఉపశమనం

శిశువుకు పాలపళ్లు రావడం సాధారణంగా 6వ నెల ప్రాంతంలో మొదలవుతుంది. కొందరికి 4వ నెలకే, కొందరికి ఏడాది నిండాక. ముందుగా కింది దవడ నడిమి పళ్లు రెండూ కనిపిస్తాయి. దాదాపు మూడేళ్లకల్లా మొత్తం 20 వచ్చేస్తాయి. చొంగ కారడం, చిరాకు, చిగురు ఉబ్బడం, అందినదల్లా కొరకడం మామూలే.

శుభ్రంగా కడుక్కున్న వేలితో చిగురును కాస్త ఒత్తి రుద్దితే బిడ్డకు ఊరట. తడిపిన మెత్తటి నూలుగుడ్డను ఫ్రిజ్‌లో చల్లబరిచి, పక్కనే కూర్చుని నమలనివ్వవచ్చు. రబ్బరు రింగునూ అంతే. ఫ్రీజర్లో గడ్డకట్టినది చిగురును గాయపరుస్తుంది. గడ్డం కింద చొంగను రుద్దకుండా అద్ది తుడవాలి.

బెంజోకెయిన్ గల మొద్దుబార్చే జెల్ రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని ప్రమాదకరంగా తగ్గించగలదు. రెండేళ్లలోపు పిల్లలకు అది వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. ఏడాది నిండని బిడ్డ చిగురుకు తేనె రాస్తే బొట్యులిజం అనే ప్రమాదకర జబ్బు ముప్పు. నమలడానికని మెడలో పూసల దండ వేయకూడదు. అది మెడకు బిగుసుకోవచ్చు, తెగితే పూస గొంతుకు అడ్డం పడవచ్చు.

“పళ్లొస్తున్నాయి, విరేచనాలు మామూలేలే” అనే మాట తెలుగిళ్లలో ఇంకా వినిపిస్తుంది. ప్రాణం మీదికి తెచ్చే నమ్మకమిది. సరిగ్గా ఈ వయసులోనే బిడ్డ పాకుతూ నేలమీదివి నోట్లో పెట్టుకుంటుంది, పైతిండి మొదలవుతుంది, తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక రక్షణ తగ్గుతుంది. విరేచనాలకు కారణం పన్ను కాదు, ఇలా సోకే క్రిములు. తల్లిపాలు ఆపకుండా, ఓఆర్‌ఎస్ తాగిస్తూ డాక్టరుకు చూపించాలి. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరానికీ పళ్లను కారణంగా చెప్పుకుని ఊరుకోకూడదు.