పీలు వారి బిరుదము - బందరు అద్దకము

1611వ సంవత్సరమున "గ్లోబు" అను ఓడపై వచ్చిన ఆంగ్ల వర్తకులు మన బందరు రేవున దిగిరి. ఆ యేటనే వారి రాజగు మొదటి జేమ్సు "బారొనెట్" అను క్రొత్త బిరుదమును కల్పించెను. ముప్పదిమంది భటులను మూడేండ్లు పోషించుటకు చాలిన 1,095 పౌనులు చెల్లించిన కులీనున కది లభించెడిది. పేరునకు ముందు "సర్" అని చేరును. తండ్రి పిమ్మట పెద్దకొడుకునకు సంక్రమించును. ప్రభువుల సభలో మాత్రము దానివలన స్థానము రాదు. మన సీమలో కొన్ని జమీందారీలు జ్యేష్ఠునకే చెందిన రీతి పెద్దలైన మీ రెఱుగుదురు. జమీందారీకి భూమి యుండెను. దీనికి పేరొక్కటే ఆస్తి.

ఈ బిరుదము పొందిన మిల్లు యజమానులలో పీలు వారి కథను నేను మీకు చెప్పదలచితిని. ఏలయన, దాని మూలము మన రేవులోనే యున్నది. బందరు మొదలగు రేవులనుండి పోయిన అద్దకపు గుడ్డలపై ఆంగ్లేయులకు మిక్కిలి మోజు కలిగెను. అచ్చటి ఉన్ని, పట్టు నేతగాండ్రు మొఱపెట్టుకొనగా 1700లో దిగుమతిని, 1721లో వాడుకను శాసనములచే నిషేధించిరి. తరువాత లాంకషైరు సీమలో రాబర్టు పీలు అను గృహస్థుడు తానే గుడ్డలపై అద్దకము సాగించెను. కొత్తిమీరను బోలిన పార్స్లీ ఆకు అచ్చువలన ఆతనికి "పార్స్లీ పీలు" అని పేరు వచ్చెను.

ఆతని కుమారుడు, అదే పేరువాడు, బరీ యను ఊర మిల్లులు నడపి, 1800లో బారొనెట్ అయ్యెను. ఆ మిల్లులలో అనాథబాలురు పాటుపడుచుండిరి. వారిచే దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదని 1802లో శాసనము తెచ్చినవాడును ఆతడే. రెండవ బారొనెట్ ఇంగ్లాండునకు రెండు పర్యాయములు ప్రధానమంత్రి యయ్యెను. ఇటు మిల్లుగుడ్డ మన సంతలలో దిగగా, మన మగ్గము లనేకము మూలబడెను.

ఆరవ బారొనెట్ ఇరువదియొక్క యేండ్ల నావికుడు. 1942 ఏప్రిల్ 5వ తేదీన కొలంబో రేవులో జపాను విమానముల దాడిలో మరణించెను. మరునాడే మన విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడెను. ఆతనికి సంతానము లేదు; బిరుదము దాయాదికి పోయెను.

మన దేశమున 1950 నాటి రాజ్యాంగము బిరుదములకు స్వస్తి చెప్పినది. బందరు అద్దకము మాత్రము పెడనలో నేటికిని బ్రదికియున్నది. దానిని నిలిపిన పనివారికి ఏ రాజును బిరుద మీయలేదు. కొడుకు లేనిచో పేరు దాయాదిని వెదకికొనును. నేర్చువాడు లేనిచో విద్యకు దాయాది యుండడు. కావున పెద్దలారా, మీ చేతి పని నెఱిగిన పిల్లవాడు మీ యింట నొక్కడైన నుండునట్లు చూడుడు. నా దృష్టిలో వంశపారంపర్య మనదగినది అదియే.